చచ్చినవాళ్ళు మాట్లాడకూడదు

చచ్చాక నోరు మూసుకోవడమనేది అక్కకి చేతకాని విద్య. ఆ మాటకొస్తే బతికుండగా కూడా ఆమె నోరు ఖాళీగా ఉన్నది తక్కువే. కాకపోతే బతికుండగా మాట్లాడటం ఆమె ఉద్యోగం. చచ్చాక మాట్లాడటమే జట్టుకి తలనొప్పి అయి కూర్చుంది.

ఆట వినడానికి తేలికే. కంప్యూటర్ తెరమీద ఒక గోదాము. ఐదుగురు దానికి కాపలా, ఐదుగురు చొరబడేవాళ్ళు. తూటా తగిలినవాడు ఆ రౌండు అయ్యేదాకా చేతులు కట్టుకుని, బతికున్న తనవాళ్ళ తెర చూస్తూ కూర్చోవాలి. తర్వాతి రౌండులో మళ్ళీ నిక్షేపంలా లేచి వస్తాడు. అందరి చెవులకీ హెడ్‌సెట్లు, అందరి నోటి ముందూ మైకులు. బతికున్నవాడికి కళ్ళకంటే చెవులే ఆధారం. గోడ అవతల నడిచేవాడి అడుగుల చప్పుడు పట్టుకోగలిగితే ప్రాణం దక్కినట్టే. అందుకని ఈ ఆట ఆడే జట్లన్నిటికీ ఒక కట్టుబాటు ఉంటుంది. చచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పొచ్చు: కొట్టినవాడు ఎక్కడున్నాడు. అంతే. ఆ తర్వాత పీక కోసినా కిక్కురుమనకూడదు. చెప్పనిచ్చే ఆ ఒక్క మాటనే వీళ్ళు చావుమాట అనేవారు.

అక్క జట్టుకి కెప్టెన్. వయసులో అందరికంటే పెద్దది, అందులోనూ ఒక్కతే ఆడపిల్ల, అందుకని కుర్రాళ్ళందరికీ అక్కే. ఒక్కడికి మాత్రం తోడబుట్టిన అక్క. వాణ్ణి అందరూ చిన్నోడంటారు. మౌసు పట్టుకోవడం నేర్పింది ఆమే, జట్టులోకి లాక్కొచ్చిందీ ఆమే. ఇప్పుడు వాడి గురి చూస్తే లీగంతటికీ దడ. ఇక మిగిలినవాళ్ళు ముగ్గురు. వైద్యం చదువు సగంలో వదిలేసి వచ్చిన డాక్టరు, మ్యాచ్‌కి ముందు కుర్చీలోనే గురకపెట్టే కునుకు, ఎప్పుడో తప్ప పెదవి విప్పని మౌని.

పనుల పంపకం మొదటినుంచీ ఒక్కటే. తలుపులోంచి ముందు దూరేది అక్క. ఎదురుగా ఎవడు కాచుకుని ఉన్నాడో ఆ మొదటి తూటా తిని తెలుసుకునేదీ అక్కే. ఆమె చావుమాట అందుకుని, వెనకనుంచి ఆ కొట్టినవాణ్ణి లేపేసేవాడు చిన్నోడు. సీజన్ సగం దాకా ఈ ఏర్పాటు నల్లేరు మీద బండిలా నడిచింది.

సగంలో ఆట తయారుచేసేవాళ్ళకి ఏం పుట్టిందో ఏమో, గోదాములో మార్పులు చేశారు. పొద్దున లేచి చూసేసరికి నీళ్ళట్యాంకు పక్కనుండే మెట్లు లేవు. తీసుకెళ్ళి అవతలి గోడకి, కిటికీ కింద పెట్టారు. మిగతా జట్లు వారంలో సర్దుకున్నాయి. వీళ్ళు సర్దుకునేలోపు ఓటములు మొదలయ్యాయి, ఓటములతోపాటే అక్క నోరు కూడా ఎక్కువైంది. ఇప్పుడు మిగిలింది ఆఖరి మ్యాచ్. గెలిస్తే పై లీగులో ఉంటారు. ఓడితే మూటాముల్లె సర్దుకుని కింది లీగుకి.

ఓడిన ప్రతిసారీ కోచ్, జట్టంతా కలిసి ఉండే ఇంట్లో, అందర్నీ ముందుగదిలో కూర్చోబెట్టి, ఆటలో మాట్లాడుకున్న మాటలన్నీ తిరిగి వినిపిస్తాడు. బొమ్మ ఉండదు, గొంతులే. కోచ్ ఒకప్పుడు ఆడినవాడే. మణికట్లు పాడై, రెండు చేతులకీ పట్టీలు బిగించుకుని ఇప్పుడు చెప్పేవాడయ్యాడు. ఆ మధ్యాహ్నం మీట నొక్కాడు. స్పీకర్లోంచి అక్క గొంతు ఊడిపడింది.

"మౌనీ పోయాడు, ఇంక నువ్వొక్కడివే, ఎడం పక్క చూడు, కాదు ఆగు, కుడి, లేదు లేదు కదలకు, టైముంది, వెళ్ళకు, అబ్బా వెళ్ళరా నాయనా వెళ్ళు..."

తర్వాత తూటా. తర్వాత చిన్నోడి ఉసూరుమనే ఊపిరి.

"దీంట్లో అడుగుల చప్పుడు ఎవరికైనా వినపడిందా?" అన్నాడు కోచ్. మళ్ళీ వేశాడు. ఆమె మాటల అడుగున ఎక్కడో, టక్కుమని రెండే రెండు.

"అక్క మాట్లాడేటప్పుడు పక్కనుంచి గూడ్సుబండి పోయినా వినపడదు సార్," అన్నాడు డాక్టరు.

కునుకు నవ్వాడు. అక్క కూడా నవ్వబోయి, తమ్ముడి మొహం చూసి ఆగిపోయింది. వాడు నవ్వడం లేదు. కుర్చీ చేతిమీద తోలు పెచ్చు ఒకటి లేచి ఉంటే దాన్ని గోటితో గీకుతున్నాడు.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అన్నాడు తల ఎత్తకుండానే. "చచ్చావు కదా. చావొచ్చుగా కాసేపు?"

"నీకోసమే కదరా చెప్పేది. నీ వెనక వాడు వస్తుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

"ఊరుకోమనే అంటున్నా. నువ్వు చెప్పేవాటిలో సగం భయం, సగం ఊహ. ఆ రెంటిమధ్య నేను ఆడలేను." ఇప్పుడు తల ఎత్తాడు. "అందరిముందూ చెప్తున్నా. ఆఖరి మ్యాచ్‌లో చావుమాట తర్వాత ఒక్క ముక్క మాట్లాడావా, గెలవనీ ఓడనీ, నేను వాళ్ళతో వెళ్ళిపోతా."

ఎవరితో అని ఎవరూ అడగలేదు. పట్టికలో అన్నిటికంటే పైనున్న జట్టు మేనేజరు వాడికి ఫోన్ చేస్తున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఫోన్ మోగినప్పుడల్లా వాడు మేడమీదికి వెళ్ళి తలుపేసుకుంటాడు. అక్క అప్పుడు కిందనే, కాలుగాలిన పిల్లిలా, వంటగదికీ హాలుకీ మధ్య తిరుగుతుంది.

"సరే," అంది అక్క. "మాట్లాడను. చాలా?"

"చూద్దాం," అన్నాడు వాడు.

ఆ వారమంతా ఆమెకి ముళ్ళమీద కూర్చున్నట్టే గడిచింది. కింది లీగుకి పోతామన్న భయం సాధన చేసేటప్పుడు మాత్రమే ఉండేది. వీడు పోతాడన్న భయానికి వేళాపాళా లేదు. స్నానం చేస్తుంటే వచ్చేది, పళ్ళు తోముకుంటుంటే వచ్చేది. నోరు కట్టేసుకోవడానికి తెలిసిన తంటాలన్నీ పడింది. చూయింగ్ గమ్ నమిలింది. నమిలే చప్పుడు మైకులో ఆవు నెమరేసినట్టుందని కునుకు మొత్తుకున్నాడు. పెదవి కొరుక్కుంటే రక్తం వచ్చింది. ఆఖరికి డాక్టరే ఒక వైద్యం చెప్పాడు.

"చావగానే గుక్కెడు నీళ్ళు నోట్లో పోసుకో అక్కా. మింగకు. రౌండు అయ్యాక మింగు. నోట్లో నీళ్ళుంటే దేవుడు కూడా మాట్లాడలేడు."

మొదటిరోజు ఆ నీళ్ళన్నీ కీబోర్డు మీద పడ్డాయి. చిన్నోడు గురి తప్పితే "అయ్యో" అనబోయింది మరి. రెండో కీబోర్డు తెప్పించారు. నాలుగోనాటికి బుగ్గలు ఉబ్బించుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని, కుర్చీలో అటూ ఇటూ మెలికలు తిరుగుతూనైనా సరే, మొత్తానికి ఆపగలిగింది. మోకాళ్ళు మాత్రం బల్లకింద డప్పు వాయిస్తూనే ఉండేవి.

మ్యాచ్‌కి ముందురోజు అమ్మ ఫోన్ చేసింది. అమ్మకి ఆట అర్థం కాదు గానీ ప్రతి మ్యాచూ చూస్తుంది.

"నాకొక సంగతి చెప్పవే. ఎప్పుడు చూసినా నువ్వే ముందు చస్తావేంటి?"

"అది నా పని అమ్మా."

"అక్కని ముందుకి తోసి వాడు వెనక దాక్కోవడం ఏం మగతనమే? వాణ్ణి ఒకసారి ముందుకెళ్ళమను. ఆ నొప్పేంటో వాడికీ తెలుస్తుంది."

"నొప్పి ఉండదమ్మా, అది బొమ్మ."

"నొప్పి లేకపోతే నువ్వు కుర్చీలో అట్లా గిలగిల్లాడతావేం? నాకు కనపడదనుకున్నావా?"

అక్క ఏదో పనుందని ఫోన్ పెట్టేసింది.

మ్యాచ్ జరిగేది పెద్ద హాల్లో. వేదికకి ఇటు ఐదు బల్లలు, అటు ఐదు బల్లలు, నెత్తిన దీపాల వేడి, ఎదురుగా చీకట్లో జనం. హెడ్‌సెట్ పెట్టుకుంటే జనం అరుపు దూరపు వానలా వినిపిస్తుంది. అక్క సీసా మూత తీసి మౌసు పక్కన పెట్టుకుంది. చిన్నోడు ఓరకంట దాన్ని చూసి హెడ్‌సెట్ సర్దుకున్నాడు.

ఆట నువ్వా నేనా అన్నట్టు సాగింది. అక్క తలుపులోంచి దూరడం, చావడం, చావుమాట చెప్పడం, నీళ్ళు పుక్కిట పట్టడం, వెనకనుంచి చిన్నోడు లెక్క సరిచేయడం. ఆమె నోటినుంచి ఒక్క అదనపు ముక్క రాలేదు. మధ్యలో ఒక రౌండు గెలిచాక వాడే, "బాగుంది అక్కా," అన్నాడు. ఆ రెండు ముక్కలకే ఆమె ప్రాణం లేచొచ్చింది. చూస్తుండగానే జట్టు ఒక రౌండు ముందుకొచ్చింది. ఇంకొక్కటి గెలిస్తే చాలు, పై లీగులో ఉన్నట్టే.

ఆ రౌండులో అక్క తలుపు దాటి గోదాములోకి దూరింది. మెట్ల కింద నీడ కదిలింది. ఆమె తుపాకి ఎత్తేలోపే తెర ఎర్రబడింది.

"మెట్ల కింద, ట్యాంకు పక్క!" అంది. అని నీళ్ళు నోట్లో పోసుకుంది.

పోసుకున్నాకే తట్టింది.

ట్యాంకు పక్క మెట్లు ఎక్కడివి? ఆ మెట్లు తీసేసి ఎన్నాళ్ళయింది? తనని కొట్టినవాడున్నది కొత్త మెట్ల కింద, కిటికీ దగ్గర. కళ్ళు చూసింది కిటికీనే. కానీ ఏళ్ళ తరబడి ఆ నోటికి మెట్లంటే ట్యాంకే. కళ్ళకంటే ముందు నోరు పరిగెత్తింది.

ఆ మెట్లు కొత్తచోటికి వచ్చాక, హడావిడిలో అందరూ పాతచోటినీ కొత్తచోటినీ మెట్లనే అనేస్తున్నారు. చిన్నోడు మెట్లన్న మాట వదిలేసి ట్యాంకన్న మాట పట్టుకున్నాడు. మిగిలిన ముగ్గురూ అప్పటికే ఒకరి తర్వాత ఒకరు పోయారు, అవతల నలుగుర్ని తీసుకుని మరీ పోయారు. చిన్నోడు లోపలికి వచ్చాడు. వచ్చి ట్యాంకు వైపు తుపాకి తిప్పాడు. కిటికీకి వీపు చూపించి నిలబడ్డాడు.

అక్క నోట్లో నీళ్ళు వేడెక్కాయి. ఒక్క మాట. కిటికీ. మూడక్షరాలు. మింగేసి చెప్పెయ్యొచ్చు. చెప్తే వాడు బతుకుతాడు, సీజన్ బతుకుతుంది, వాడు వెళ్ళిపోతాడు. చెప్పకపోతే వాడు చస్తాడు, ఉండిపోతాడు. గొంతు దాకా వచ్చిన మాట నీళ్ళకి తగిలి వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది. తెరమీద తమ్ముడు ట్యాంకు వెనక ఎవరూ లేరని తెలిసి, ఒక్క క్షణం తెల్లబోయాడు. ఆ క్షణంలోనే వెనకనుంచి తూటా వచ్చింది.

రౌండు పోయింది. సమానం. కోచ్ విరామం అడిగి, పట్టీల చేతులు ఊపుకుంటూ వేదికెక్కాడు. ఆయన నోరు తెరిచేలోపే చిన్నోడు అక్కవైపు తిరిగాడు.

"ట్యాంకు దగ్గర ఎవడూ లేడు."

ఆమె నీళ్ళు మింగింది. "కిటికీ దగ్గరున్నాడు. నోరు జారింది."

"జారిందని ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే."

"అప్పుడే తెలిస్తే చెప్పవేంటి?"

"చెప్పొద్దన్నావుగా."

"నేనన్నానని..." హెడ్‌సెట్ మెడమీదికి లాక్కున్నాడు. "నేను చస్తుంటే చూస్తూ కూర్చున్నావా?"

"కూర్చోమన్నదెవరు? చెప్తే పోతానన్నదెవరు? ఇప్పుడేమో చెప్పలేదని ఏడుస్తున్నావు. నా నోరు నేను తెరవాలో మూయాలో ముందు తేల్చి చావరా!"

"వాదులాట బండిలో పెట్టుకోండి," అన్నాడు కోచ్. "విరామం అయిపోతోంది. వినండి. నువ్వు ముందొస్తావని అవతలివాళ్ళకి కంఠతా వచ్చేసింది అమ్మాయ్. ఈ ఆఖరి రౌండు చిన్నోడు ముందు, నువ్వు వెనక."

"నేనా?" అన్నాడు చిన్నోడు.

"ఏం, భయమా?" అంది అక్క.

"భయం నాకెందుకు?" అన్నాడు గానీ, కుర్చీ ముందుకి లాక్కుని, మళ్ళీ వెనక్కి జరిపి, మళ్ళీ ముందుకి లాక్కున్నాడు.

ఆఖరి రౌండు మొదలైంది. సీజన్ మొత్తంలో మొదటిసారి చిన్నోడు అక్కకంటే ముందు తలుపు దాటాడు. దాటి ఒకణ్ణి కొట్టాడు, రెండోవాడి చేతిలో పోయాడు. "కిటికీ!" అన్నాడు. చావుమాట సరిగ్గా చెప్పాడు. అక్క ఆ కిటికీవాణ్ణి తీసింది. డాక్టరు ఒకణ్ణి తీసి పోయాడు. మౌని ఒకణ్ణి తీసి, కునుకుతో పాటే పోయాడు. అంతా అయ్యేసరికి ఇటు అక్క ఒక్కతి, అటు ఒక్కడు. వాడెక్కడున్నాడో తెలియదు. ఇక మిగిలింది చెవులే.

అక్క గోడకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి వింటోంది. అంతలో చెవిలో జోరీగ దూరినట్టు మొదలైంది.

"అక్కా, వెనక చూసుకో."

ఆమె కదల్లేదు.

"వెనక సందులోంచి వస్తాడక్కా, వాడలాగే వస్తాడు, తిరుగు. అక్కా. ఒద్దులే, ముందే చూడు. కిటికీ ఖాళీయేనా? ఏదీ కనపడనీ, కొంచెం జరుగు. అబ్బా, అంత కాదు! అక్కా, టైమైపోతోంది, వెళ్ళు..."

తన గొంతే మగగొంతయి చెవిలో దూరినట్టుంది ఆమెకి. అదే భయం, అదే ఊహ, అదే గిలగిల. కళ్ళు తెరమీదే ఉంచి, "చచ్చావుగా, ఊరుకోరా!" అంది పళ్ళ బిగువున.

"ఊరుకుంటున్నా, ఊరుకుంటున్నా. ఎడం పక్క మాత్రం..."

ఆ 'మాత్రం' అడుగున ఎక్కడో టక్కుమని చప్పుడైంది. అయిందని ఆమెకి తెర ఎర్రబడ్డాక తెలిసింది.

అవతలి బల్లలవాళ్ళు కుర్చీలు తోసేసి ఒకరిమీద ఒకరు పడ్డారు. ఇటువైపు ఎవరూ లేవలేదు. కునుకు హెడ్‌సెట్ తీసి తీగ చుట్టడం మొదలుపెట్టాడు, చుట్టిందే మళ్ళీ చుడుతున్నాడు. చిన్నోడు మైకు ఇంకా నోటిముందే ఉంచుకుని, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. నోరు తెరిచే ఉంది.

వేదిక వెనక నడవాలో ఆ పైజట్టు మేనేజరు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో పట్టీకి కార్డు. అక్కకి నమస్కారంలాంటిదొకటి విసిరి, చిన్నోడి భుజంమీద చెయ్యి వేశాడు. అక్క నాలుగడుగులు అవతలికి వెళ్ళి చల్లపానీయాల మెషీను ముందు నిలబడింది. ఏం కావాలో తెలియకుండానే మీటలు నొక్కుతోంది. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"ఓటమిదేముంది బాబూ, నీ ఆటకి వచ్చిన లోటేం లేదు. రేపే వచ్చెయ్. మంచి ఇల్లు, మంచి యంత్రాలు, మంచి జట్టు."

"ఒకటి అడగొచ్చా సార్?"

"అడుగు, అడుగు."

"మీ జట్టులో చచ్చినవాళ్ళు మాట్లాడితే ఏం చేస్తారు?"

మేనేజరు నవ్వాడు. ఆ మాట అడిగినందుకు సంతోషపడ్డాడు కూడా. "మాట్లాడే ప్రసక్తే లేదు. మా కోచ్ దగ్గర స్విచ్చి ఉంటుంది. మనిషి పోగానే మైకు పోతుంది. ఆ తర్వాత గొంతు చించుకున్నా ఎవరికీ వినపడదు. నీకు ఏ గొడవా ఉండదు."

చిన్నోడు నేలవైపు చూశాడు. బూటు ముందుకొనతో టైలు అంచుని తన్నాడు. అక్క వేలు మీటమీదే ఆగిపోయింది. 'వెళ్ళకు' అన్న మాట ఆమె నాలుకమీద ఉంది. 'వెళ్ళరా' అన్న మాట కూడా ఉంది. ఏది బయటికొస్తుందో తనకే నమ్మకం లేక రెండూ మింగింది. ఈసారి నోట్లో నీళ్ళు కూడా లేవు.

"అయితే నాకు ఊపిరాడదు సార్," అన్నాడు చిన్నోడు.

"అంటే?"

"రానని. ఇందాక నేనెంత వాగానో మీరు వినలేదు. నావల్లే ఓడాం. అయినా సరే, చెప్పకుండా కూర్చోవడం నావల్ల కాదు. ఏమనుకోకండి."

మేనేజరు ఇంకేదో అనబోయి, ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కార్డు సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆయన మలుపు తిరగడమే ఆలస్యం, అక్క నోరు గండిపడ్డట్టు తెరుచుకుంది. "నీకు బుర్రుందా? వెతుక్కుంటూ వచ్చి పిలిచిన జట్టుని కాదంటావా? కింది లీగుకొచ్చి ఏం పొడుస్తావురా?"

"పొమ్మంటావా ఇప్పుడు? పిలుస్తా, ఆయన ఇంకా మెట్లు దిగలేదు."

"పిలువు చూద్దాం, కాళ్ళు విరగ్గొడతా."

వాడు చెయ్యెత్తి మొహం తుడుచుకున్నాడు. "ఎలా భరించావక్కా?" అన్నాడు గొంతు తగ్గించి. "నేను పోయి, నువ్వొక్కదానివే గోడ పక్కన నిలబడ్డప్పుడు, నాకు... ఒళ్ళంతా చీమలు పాకాయి. ప్రతి మ్యాచ్‌లోనూ నీకు ఇంతేనా?"

"ఇంతకంటే ఎక్కువ. నీకు ఒక్క రౌండే కదా."

మెషీనులోంచి ఏదో డబ్బా ధనామని పడింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

బండిలో ముందు సీట్లో కోచ్, వెనక అక్కా, కుర్రాళ్ళూ. వీధి మలుపు తిరగకముందే మొదలైంది.

"ఆ చివరివాడి అడుగులు నీకు నిజంగా వినపడలేదా?" అన్నాడు చిన్నోడు.

"నువ్వు వాగుతుంటే ఎలా వినపడతాయి?"

"నేను ఎడం పక్కనే చెప్పాను. వాడు ఎడం పక్కనుంచే వచ్చాడు."

"అంతకుముందు వెనకన్నావు, ముందన్నావు, కిటికీ అన్నావు. అన్ని దిక్కులూ చెప్తే ఒకటి కాకపోతే ఒకటి తగులుతుంది. అదేం గొప్పరా?"

"మరి నువ్వు ట్యాంకు అన్నావు. అదొక్కటీ తగల్లేదు."

"అది నోరు జారడం. నీది నోరు ఆగకపోవడం."

"వచ్చే సీజన్‌లో చావుమాట రెండు ముక్కలు చేద్దాం. మొదటిది తప్పయితే సరిదిద్దుకోవడానికి ఇంకొకటి."

"రెండన్నావంటే మూడవుతాయి. నా సంగతి నాకు తెలీదా?"

మౌని కిటికీలోంచి చూస్తూనే, "రెండు చాలు," అన్నాడు. సీజన్ మొత్తంలో వాడు చెప్పిన సలహా అదొక్కటే. డాక్టరు వాడి నాడి పట్టుకుని చూశాడు.

"మీరిద్దరూ ప్రస్తుతం బతికే ఉన్నారు కాబట్టి నేనేమీ అనలేకపోతున్నాను," అన్నాడు కోచ్ ముందునుంచి.

వాళ్ళు వినిపించుకోలేదు. అక్క సీటు అంచుకి జరిగి, ఖాళీ డబ్బాని గోదాము చేసి, వేలితో మెట్లు ఎక్కడున్నాయో చూపిస్తోంది. అక్కడ కాదంటే అక్కడ కాదని చిన్నోడు ఆ వేలిని పట్టుకుని పక్కకి జరుపుతున్నాడు.